ఎక్కని లడ్డు

కరోనా పూర్తిగా తగ్గిన తర్వాతి వేసవిలో నాకు జనగామ నుంచి మహబూబాబాద్‌కు బదిలీ అయింది. జిల్లా పరిశ్రమల శాఖలో ఇండస్ట్రియల్ ప్రమోషన్ ఆఫీసరు పోస్టు. పేరు పెద్దదే గాని, పనంతా చిన్న వ్యాపారాల చుట్టూ తిరగడమే. ఎవరైనా పిండిమర పెట్టుకుంటామన్నా, పచ్చళ్లు అమ్ముకుంటామన్నా వెళ్లి చూసి, ప్రభుత్వం దగ్గర నమోదు చేయించి, తినే వస్తువైతే ఆహార భద్రత లైసెన్సు వచ్చేదాకా వెంటపడాలి. సరుకు అమ్ముడుపోతున్నదా లేదా అన్నది రూల్సు ప్రకారం మా పని కాదు. గంగారం మండలానికి వెళ్లాక మాత్రం అక్కడితో ఆగడం నా వల్ల కాలేదు.

అక్కడ పద్మక్క అనే ఆవిడ కొందరు ఆడవాళ్లను సంఘంగా కూడగట్టి ఇప్పపువ్వు లడ్డూలు చేయించేది. అడవిలో రాలిన పూలు ఏరి, ఎండబెట్టి, వేయించి, నువ్వులు, పల్లీలు, బెల్లం కలిపి దంచి ఉండలు చుట్టేవాళ్లు. రుచికి వంక లేదు, కొనేవాళ్లే లేరు. ఆ ఊళ్లో ఎవరింట్లో పూలు వాళ్లకే ఉంటాయి. అందుకని పద్మక్క ఫోన్‌లో ఒక పేజీ తెరిచి ఆన్‌లైన్ అమ్మకం మొదలుపెట్టింది. సంఘంలో మిగతావాళ్లకు దానిమీద నమ్మకం లేదు. వానలు పడేలోగా ఆర్డర్లు రాకపోతే ఎండిన పువ్వంతా సారా కాచేవాళ్లకు అమ్మేద్దామని తీర్మానించుకున్నారు. ఆ మాట పద్మక్కకు మింగుడుపడలేదు. ఆమె తండ్రి సారా తాగి తాగే పోయాడు.

మేం పెట్టిన శిక్షణ తరగతిలో హైదరాబాదు నుంచి వచ్చిన ఒక ట్రెయినరు, ముందు ఉచితంగా రుచి చూపిస్తే కస్టమర్లే మీ వెంట పడతారని చెప్పాడు. పద్మక్క ఆ సాయంత్రమే పేజీలో పెట్టింది: "గంగారం అడవి ఇప్పపువ్వు లడ్డు. రెండు లడ్డూలు ఫ్రీ. అడ్రస్ పంపితే చాలు."

కస్టమర్లు నిజంగానే వెంటపడ్డారు. జనగామ నుంచి, భూపాలపల్లి నుంచి, డోర్నకల్ రైల్వే క్వార్టర్ల నుంచి అడ్రసులే అడ్రసులు. పద్మక్క భర్త సమ్మయ్య ఆటోలో మనుషులకు చోటు లేకుండా పోయింది, మహబూబాబాద్ దాకా డబ్బాలే ప్రయాణించేవి. మా శాఖ భాషలో సరుకు గురించి అడిగితే 'ఎంక్వైరీ', కొంటే 'కన్వర్షన్'. ఎంక్వైరీలు చూసి మా జిల్లా అధికారి అయిన జనరల్ మేనేజరుగారు సమీక్షలో నన్ను మెచ్చుకున్నారు. కన్వర్షన్లెన్ని అని కూడా అడిగారు. ఒక్కటీ లేదు.

మరునాడే గంగారం వెళ్లి, లడ్డూలు తిన్నవాళ్లకు ఫోన్ చేసి అడగమన్నాను. పద్మక్క స్పీకర్ పెట్టి ముందు జనగామ నంబరు కలిపింది.

"అన్నా, లడ్డు ఎట్లున్నది?"

"రెండూ తిన్న అక్కా. ఏం కాలే."

"ఏం కావాలె?"

"ఎక్కలే."

పద్మక్క ఫోన్ పెట్టేసి భూపాలపల్లికి కలిపింది. ఆయన ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "రెండు సాల్తలెవ్వక్కా. మేం నలుగురం దోస్తులం కూసున్నం, సోడా గిట్ల తెచ్చుకున్నం. జర పెద్ద డబ్బా పంపు."

"లడ్డుకు సోడా ఏందన్నా?"

"మరి నీళ్లతోని తినాల్నా?"

లడ్డూలు చుడుతున్న ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. పద్మక్క నవ్వలేదు. "మా నాయినను మింగిన దాని పేరు మీదనే నా లడ్డు అడుగుతున్నరు మేడం" అంది.

ఇది చాలదన్నట్టు ఆ వారంలోనే ఒక ఎక్సైజు సబ్‌ఇన్‌స్పెక్టరు లడ్డూలు చేసే షెడ్డు ముందు జీపు ఆపారు. ఇప్పపువ్వుతో చేసిందేదో ఇక్కడ ఫ్రీగా పంచుతున్నారని ఎవరో ఫోన్ చేశారట. నేను అక్కడే ఉన్నాను గనుక లైసెన్సు చూపించాను. ఆయన కాగితం చదివి, పొయ్యి చూసి, గిన్నెలన్నీ వాసన చూసి, చివరికి లడ్డూల పళ్లెం ముందు కూర్చున్నారు. తనిఖీ నిమిత్తం ఒకటి తిన్నారు. నిర్ధారణ నిమిత్తం ఇంకోటి తిన్నారు. మూడోదానికి నిమిత్తమేమీ చెప్పలేదు.

"ఎక్కిందా సార్?" అని పద్మక్క సూటిగా అడిగింది.

"ఏం లేదమ్మా, మస్తున్నయి. నా బిడ్డ కాన్పయి ఇంట్లనే ఉన్నది. రెండు కిలోలు కట్టియ్యి. పైసలు తీస్కోవాలె మల్ల."

ఆ పేజీ పెట్టాక పైసలిచ్చి కొన్న మొదటి మనిషి ఆయనే. జీపు వెళ్లిపోయాక పద్మక్క, "మనం తినేటోళ్లకు పంపలే మేడం, తాగేటోళ్లకు పంపినం" అంది. వెంటనే సమ్మయ్య చేతికి ఫోనిచ్చి వీడియో తీయమంది.

"నా పేరు పద్మ. గీ లడ్డు ఎక్కదు. పది తిన్నా ఎక్కదు. ఎక్కాల్నంటె ఇంకోకాడ సూస్కోండ్రి. మీ ఇంట్ల బాలింతలున్నా, బడికి పోయే పోరగాళ్లున్నా, ముసలోళ్లున్నా చెప్పుండ్రి, రెండు పంపుత. పార్సలు ఖర్సు మీదే."

ఇంత మొరటుగా చెబితే ఉన్నవాళ్లూ పోతారేమో అన్నాను. "పోనియ్యుండ్రి" అంది. పోయారు కూడా. ఎంక్వైరీలు ఒక్కసారిగా పడిపోయాయి. కానీ ఆ వీడియోను ఆడవాళ్లు ఒకరికొకరు పంపుకున్నారు. పాలకుర్తి నుంచి ఒక టీచరమ్మ పార్సలు ఖర్చు కట్టి రెండు లడ్డూలు తెప్పించుకుని, వెంటనే కిలో ఆర్డరు పెట్టింది. భూపాలపల్లి నుంచి ఒకామె ఫోన్ చేసి, "మా ఆయన సోడాతోని తిన్న లడ్డు గదేనా అక్కా?" అని అడిగి మరీ తెప్పించుకుంది. వానలు మొదలయ్యేసరికి పువ్వు సగానికి పైగా లడ్డూలైపోయింది. మిగిలినదాన్ని సారా కాచేవాళ్లకు అమ్మవద్దని సంఘంవాళ్లే చెప్పారు.

ఆ తర్వాత రెండేళ్లకు పదవీ విరమణ చేశాను. ఆలోగా ఉచిత నమూనాలిస్తామని నా దగ్గరికి వచ్చిన ప్రతి వ్యాపారినీ, అవి ఎవరికి పంపుతారని ముందు అడిగేదాన్ని. నమూనా కోసం చెయ్యి చాచినవాళ్లందరూ కొనరు. పార్సలు ఖర్చు పెట్టుకోవడానికే వెనకాడేవాళ్లు రేపు సరుకు ధర పెడతారనుకోవడం పొరపాటు. అన్నిటికంటే ముఖ్యం, మన సరుకు ఏమిటో చెప్పడం ఎంత అవసరమో, ఏది కాదో చెప్పడమూ అంతే అవసరం. మా శాఖ శిక్షణ పాఠాల్లో మొదటి సగమే ఉండేది.