కాల్షియం మాట మొదట చెప్పింది నేనే

మా ల్యాబులో నా మాట చెవిన పెట్టే అలవాటు ఎవరికీ లేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఇన్సులిన్ విడుదల చేసే కణాలను పెంచడం నా పని. కణంలో ఇన్సులిన్ చిన్న చిన్న సంచుల్లో నిండి, బయటి పొర దగ్గర కాచుకుని ఉంటుంది. షిఫ్టు దిగిన జనం ఎక్కి కూర్చున్నాక మా గేటు దగ్గర ఆగి ఉండే ఆఫీసు బస్సులు కూడా అంతే. విజిల్ పడితేగాని కదలవు. కణానికి ఆ విజిల్ కాల్షియం. చక్కెర అందినప్పుడు అది బయటి నుంచి లోపలికి వస్తుంది. రాగానే సంచి మీద కాపలా ఉన్న ప్రోటీన్ పసిగట్టి, సంచిని పొరకు కలుపుతుంది. సరుకు బయటపడుతుంది.

పోయిన ఎండాకాలం మా కణాలు ఎంత చక్కెర పోసినా ఇన్సులిన్ వదల్లేదు. ల్యాబు చూసే మేడమ్ రిజిస్టర్ తీసి, నా పేరు పక్కన "పెంపకం సరిగా లేదు" అని రాశారు. ఎర్ర పెన్నుతో.

తప్పు పెంపకంలో లేదు, సీసాలో ఉంది. మేడమ్ ఉండేది పుప్పాలగూడలో. బోరు నీళ్లకు ఇంట్లో కుళాయిలు, గీజరు, బకెట్లు అన్నీ తెల్లగా సున్నం కడతాయి. కాల్షియం ఆవిడకు పగవాడు. ల్యాబు గిన్నెల మీద తెల్ల మరక కనిపించిన రోజే, కణాలకు పోసే ద్రావణంలో కాల్షియం కలపడం మాన్పించారు.

"కణానికి కాల్షియమే విజిల్. విజిల్ లేకుంటే బస్సు ఎట్ల పోతది మేడమ్?" అన్నాను.

"బోరు నీళ్ల బాధ మీకేం తెలుసండీ! చూద్దాం లెండి."

బాలానగర్‌లో పుట్టి పెరిగిన నాకు బోరు నీళ్లు తెలియవట!

మూడు వారాల తర్వాత, కొత్తగా చేరిన సైంటిస్టు మీటింగులో అదే మాట ఇంగ్లీషులో అన్నాడు. చప్పట్లు. కాల్షియం కలిపారు. ఇన్సులిన్ వచ్చింది. కేకు కూడా వచ్చింది. నాకు క్రీము లేని ముక్క దక్కింది.

గిన్నెలు కడిగే అక్క నా దగ్గరకొచ్చి, "ఏంది సార్, గదే మాట మీరు ఎప్పుడో చెప్పిండ్రు గదా?" అంది.

"జర గట్టిగ చెప్పక్కా, మేడమ్‌కు ఇనబడాలె."

"మంచిగుంది! మీరు చెప్తేనే ఇనలే, నేను చెప్తే ఇంటదా?"

రిజిస్టర్‌లో ఆ ఎర్ర వాక్యం ఇంకా అలాగే ఉంది. నాలుగు మెయిళ్లు పెట్టాను, ఒక్కదానికీ బదులు లేదు. మేడమ్, కాల్షియం తగిలితే కణం కూడా క్షణాల్లో పలుకుతుంది. మీరెప్పుడు పలుకుతారు? ఆ వాక్యం కొట్టేస్తారా, కొట్టేయరా?