దారం ఎవరి చేతిలో ఉండాలి

జూలై 18, గురువారం. రాయచూరులో ఒక ఆస్పత్రి, రెండో అంతస్తు వరండా. హాజరైనవారు: నేను, నా భార్య, సింధనూరులో వరి పండించే మా బావమరిది, పవర్ ప్లాంటులో నాతోపాటే రిటైరైన షిఫ్ట్ ఇన్‌చార్జి గారు. చివరి ఇద్దరినీ ఎవరూ పిలవలేదు.

నా పెద్దపేగు కింది భాగంలో, లోపలి గోడకు పరుచుకుని వెడల్పాటి గడ్డ ఒకటి బయటపడింది. అప్పటికింకా క్యాన్సర్ కాదు. వదిలేస్తే అయ్యే రకం. పొట్ట కోసి పేగు ముక్కతో సహా తీసేయడం ఒక దారి. అప్పుడు మలం పోవడానికి పొట్టకు సంచీ తగిలించుకుని బతకాల్సి రావచ్చు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. అందుకే రెండో దారి ఎంచుకున్నాను. హైదరాబాదు నుంచి వచ్చిపోయే డాక్టరు కెమెరా గొట్టం లోపలికి పంపి, గడ్డ ఒక్కదాన్నే ఒలిచి తీస్తానన్నారు.

ఎలాగని అడిగాను. "పెనానికి అంటుకున్న దోశను ఎలా తీస్తారు?" అన్నారాయన. "అంచు పైకెత్తి పట్టుకుని, అట్లకాడ కిందికి తోస్తారు కదా. ఇదీ అంతే. గడ్డ అంచుకు చిన్న క్లిప్పు పెట్టి, దానికి కట్టిన దారాన్ని బయటి నుంచి సిస్టర్ పట్టుకుంటుంది. కాస్త లాగితే అంచు లేచి, కోయాల్సిన చోటు కనబడుతుంది. లాగకపోతే గడ్డ కత్తి మీదే వాలుతుంది. ఎక్కువ లాగితే చిరుగుతుంది. ఒక్క ముక్కగా రావాలి, మిగిలితే మళ్ళీ పెరుగుతుంది."

ఇది అర్థం కావడానికి దోశ తిన్న అనుభవం చాలు. మావాళ్ళిద్దరికీ ఆ అనుభవం పుష్కలంగా ఉంది. అయినా లాభం లేకపోయింది.

"ఈ దారాలేంటి బావగారూ?" అన్నాడు బావమరిది. "పొట్ట కోస్తే ఏది ఎక్కడుందో కంటికి కనబడుద్ది. మా ఊరి డాక్టరుతో నేను మాట్లాడేశాను కూడా."

"ఒరేయ్, అది నీ పొట్ట కాదు," అంది నా భార్య.

ఇన్‌చార్జి గారు రాయచూరు మనిషే. "గిదేంది సార్, దారం గట్టి గుంజుడు? పేగా, పతంగా? జర సోంచాయించు," అన్నారు, ఆలోచించమని.

ఈయన గురించి చెప్పాలి. ప్లాంటులో క్రేనుతో బరువులు లేపేటప్పుడు సైగ చేసేవాడు ఒక్కడే ఉండాలన్నది నియమం. ఆ ఒక్కడు ఈయన ఎన్నడూ కాదు. అయినా పక్కన నిలబడి చేతులూపుతూ "ఎత్తు, దించు, నిలుపు" అని అరిచేవారు. క్రేను ఆపరేటరు విసుగెత్తి, మోటారు ఆపి, బీడీ ముట్టించుకునేవాడు. దీన్ని ఇన్‌చార్జి గారు అనుభవం అంటారు.

లోపల బల్ల మీద నాకు మత్తు కొద్దిగానే ఇచ్చారు. మాటలు వినబడుతూనే ఉన్నాయి. "కొంచెం," అంటారు డాక్టరు. సిస్టర్ లాగుతుంది. "చాలు." ఆగుతుంది. "వదులు." వదులుతుంది. ఇంత తక్కువ మాటలతో పని జరగడం ఉద్యోగంలో ఒక్కనాడూ చూడలేదు నేను.

అప్పుడే తలుపు తెరుచుకుంది.

"సిస్టర్, జర మెల్లగ! మెల్లగ గుంజు! హా, నిలుపు!"

ఇన్‌చార్జి గారు గుమ్మంలో నిలబడి, క్రేనుకు చూపినట్టే అరచెయ్యి చూపిస్తున్నారు. సిస్టర్ ఉలిక్కిపడింది. దారం గుంజుకుపోయింది. డాక్టరు చెయ్యి ఆగింది.

"ఈయన మీకేమవుతారు?" అని నన్నడిగారు.

"ఏమీ కారు," అన్నాను.

నా భార్య వచ్చి ఆయన్ను చొక్కా పట్టుకుని బయటికి ఈడ్చుకెళ్ళింది. డాక్టరు చాలాసేపు తెర వంక చూసి, మళ్ళీ మొదలుపెట్టారు. గడ్డ ఒక్క ముక్కగానే వచ్చింది. కానీ దారం గుంజుకున్న చోట పేగు గోడ పలచబడిందని అక్కడ మరికొన్ని క్లిప్పులు వేశారు. రేపటికి జ్వరం గానీ, కడుపునొప్పి గానీ వస్తే పొట్ట కోయక తప్పదని చెప్పారు. తప్పించుకున్నాననుకున్న సంచీ మళ్ళీ ముందుకొచ్చింది.

ఈ సంగతి వరండాలో ఉన్న మావాళ్ళిద్దరికీ తెలిసిపోయింది. బావమరిది సింధనూరు డాక్టరుకు ఫోను చేసి, రేపటికి సిద్ధంగా ఉండమన్నాడట.

మర్నాడు పొద్దున జ్వరం లేదు. కడుపు నొక్కి చూశారు, నొప్పి లేదు. మంచం పక్కన ఇన్‌చార్జి గారు నిలబడి, అవతలి మంచం వాళ్ళకు వివరిస్తున్నారు: "నేను జెప్పకుంటే ఆ పిల్ల దారం తెంపుతుండె. టైముకు నిలిపిన."

సిస్టర్ వచ్చి, కన్నడంలో తాతను పిలిచినట్టు పిలిచి అడిగింది. "అజ్జా, గాలి పోయిందా? పోతే పేగు బాగున్నట్టే. గంజి ఇస్తాను."

నోటితో జవాబు చెప్పే పని లేకపోయింది. అందరికంటే ముందు ఇన్‌చార్జి గారే ముక్కు మూసుకుని వరండాలోకి నడిచారు.