జాజు గీత

మీ చూరు కింద నాకింత చోటిచ్చావు, కాస్త ఇటు జరిగి కూర్చో తల్లీ. గట్టిగా చెప్పుకునే మాట కాదు. ఇన్నేళ్ళూ ఈ బరువు దించుకోవడానికి చోటు దొరకలేదు. మా ఆయన పోయేదాకా ఆయనకీ చెప్పలేదు.

గుంటూరు బట్టల బజారులో మాకు చిన్న గాజుల కొట్టుండేది. పసుపు, కుంకుమ, గడపలకు పూసే ఎర్ర జాజు కూడా అమ్మేవాళ్ళం. బజారు పొడుగునా కొట్ల ముందు తెల్లదొరల కాలంలో మునిసిపాలిటీ వేసిన రేకుల వసారా. కొట్టుకో కర్ర స్తంభం. చెదలు పట్టి, వానొస్తే జల్లెడలా కారేది. కానీ ఆ నీడే లేకపోతే మన ఎండల్లో గాజులు వేయించుకోవడానికి ఎవరు నిలబడతారు?

మా పక్క కొట్టు మూతపడింది. దాని ముందు వసారాలో మంగళగిరి రత్తమ్మక్క తమ ఇంటి మగ్గం మీద నేసిన చీరలు పరుచుకుని అమ్మేది. ఆవిడ తెచ్చుకున్న మజ్జిగలో సగం నాకే.

ఒక వేసవి పొద్దున, అక్కా, మా ఆయనా ఇంకా రాకముందే, మునిసిపాలిటీ ఓవర్సీరు వచ్చి స్తంభాలకు ఇనుప ఊచ గుచ్చి చూశాడు. పుచ్చినవాటికి జాజుతో అడ్డగీత పెట్టించాడు. మర్నాడు కూలీలొచ్చి గీతలున్నచోట స్తంభమూ రేకూ పీకేస్తారట. మా స్తంభానికి గీత పడింది; ఎవరి కంటా పడకుండా దానిమీద గాజుల సరాలు వేలాడేశాను. అక్కది చేవ కర్ర, ఊచ దిగలేదు.

మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వెళ్ళాడు. అక్క క్యారేజీ కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్ళింది. సరాలు తీసి, కొంగు తడిపి మా గీత తుడిచేశాను. కొట్లో జాజు కలిపి, పండక్కి గడపకు గీసినంత తిన్నగా ఆవిడ స్తంభానికి గీశాను. గిన్నె కడిగి లోపల బోర్లించాను.

అక్క తిరిగొచ్చి చూసి నవ్వింది.

"ఏమే, నా స్తంభానికి బొట్టెట్టారు, పెళ్ళా ఏంటి?"

"మునిసిపాలిటీ వాళ్ళక్కయ్యా. బాగున్నవాటికి గుర్తంట."

"అయితే నీది బోసి మొహమేగా! ఏదీ, చిటికెడు కుంకుమిటివ్వు."

ఇచ్చాను. తన స్తంభం మీది నా గీత మధ్యలో తన వేలితో అద్దింది.

మర్నాడు కూలీలు ఆ స్తంభం పీకలేక చెమటలు కక్కారు. "ఉక్కులా ఉందిరా ఇది" అన్నాడొకడు. "గీతుందిగా, లాగరా" అన్నాడు రెండోవాడు. అక్క వచ్చేసరికి అక్కడ గుంట మిగిలింది. గుంటను చూసింది, మా స్తంభాన్ని చూసింది, నన్ను చూసింది. మూట దించి గొడుగు విప్పుకుంది.

నెల రోజులు గొడుగు కింద కూర్చుంది. ఎండకు చీరల మడతలు వెలిశాయి. పాత సరుకంటూ జనం మొహం తిప్పుకున్నారు. మా నీడలోకి జరుగక్కయ్యా అని ఒక్కమాట అనలేకపోయాను. గిట్టకా? కాదు. పక్కన కూర్చుంటే ఎప్పుడో ఒకనాడు అడుగుతుందేమోనని, అడిగితే నా మొహమే చెప్పేస్తుందేమోనని. ఒకరోజు మూట కట్టుకుని వెళ్ళింది, మళ్ళీ రాలేదు. ఆ ఇంట్లో మగ్గం ఆడిందో ఆగిందో కనుక్కునే ధైర్యం నాకు లేకపోయింది. మా పుచ్చు స్తంభం మాత్రం, వసారా మొత్తం విప్పేసేదాకా, ఇంకో ఆరేళ్ళు పడకుండా నిలబడింది.

ఆ గీత గీసింది నేనే. నోరు విప్పి అనడం ఇదే మొదలు. నువ్వు ఊ కొట్టనక్కర్లేదు, పోనీలే అనకు.

మీ ఇంటి చూరు పదికాలాలు చల్లగా నిలవాలి తల్లీ. దాని కిందికి ఎవరొచ్చినా, జరిగి చోటిచ్చే మనసు మీ అందరికీ ఉండాలి.