ఎలియాజరు రాయించుకున్న షరతు

ఎలియాజరు కుడికాలు విరగ్గొట్టింది పగవాళ్ళు కాదు. పందొమ్మిదేళ్ళుగా అతనితో ఒకే షిఫ్టులో పనిచేసి, ఒకే క్యారేజీలో చెయ్యిపెట్టి తిన్నవాళ్ళు.

అనకాపల్లి నుంచి సబ్బవరం వెళ్ళే దారిలో, ఊరి పొలిమేరన గోనెసంచుల మిల్లు ఉంది. నాలుగొందల మంది పనివాళ్ళు. ఎలియాజరు అందులో ఫిట్టరు. మిషను మొరాయిస్తే చెవి ఆనించి విని, రోగం ఎక్కడుందో చెప్పేవాడు. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. ఆ మొండితనం చూసే పేటవాళ్ళు అతన్ని పంచాయతీకి వార్డు మెంబరుగా గెలిపించారు.

ఆ ఏడు మిల్లు యజమాని కబురు పంపాడు. ఒడిశాలో స్థలం ఉత్తినే ఇస్తున్నారట, పన్నులు లేవట. ఇక్కడ పంచాయతీ కూడా పదేళ్ళు పన్ను మాఫీ చేసి, మిల్లు పక్కనున్న మూడెకరాల ఊరుమ్మడి భూమి ఇస్తే ఉంటాడట. లేదంటే ఆరు నెలల్లో మిషన్లు విప్పి పట్టుకుపోతాడట.

పంచాయతీలో సర్పంచితో కలిపి పదకొండు ఓట్లు. చెరకు రైతులు ఐదుగురు ససేమిరా అన్నారు. మిల్లు పన్ను రాకపోతే కుళాయిలకీ వీధిదీపాలకీ ఎక్కణ్ణుంచి తెస్తామన్నారు. ఇంకో ఐదుగురు, మిల్లు పోతే నాలుగొందల పొయ్యిలు ఆరిపోతాయన్నారు. మిగిలింది ఎలియాజరు. మిల్లువాడే కాబట్టి సరే అంటాడనుకున్నారు అందరూ.

అతను లేచి నిలబడ్డాడు.

"ఇద్దాం. గానీ కాయితం మీద రాయాల. ఐదేళ్ళదాకా ఈ నాలుగొందల మందిలో ఒక్కుణ్ణి కూడా తీయకూడదు. తీసేరా, మాఫీ సేసిన పన్ను కట్టాల, భూమి తిరిగిచ్చీయాల."

మిల్లు మేనేజరు దేవీప్రసాద్ నవ్వాడు. "షరతులు పెడితే మా యజమాని ఒప్పుకోరండీ," అన్నాడు. ఏదీ తేలక సమావేశం వాయిదా పడింది.

మర్నాడు ఉదయం షిఫ్టుకి వచ్చినవాళ్ళని దేవీప్రసాద్ గేటు దగ్గరే ఆపేశాడు. "మీ మెంబరే అడ్డుపడ్డాడు. అతన్ని దారికి తెస్తారో, మూటలు సర్దుకుంటారో మీ ఇష్టం," అని లోపలికి వెళ్ళిపోయాడు.

పది నిమిషాలకి ఎలియాజరు సైకిల్ దిగాడు. ముందు ఎదురొచ్చినవాడు పరదేశి. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అని పిలుచుకునేవాళ్ళు.

"ఏటి బావా, మా నోట్లో మట్టి కొట్టేత్తావా?"

"మట్టి పడకుండానే కాయితం అడిగేను రా. ఆళ్ళ మాట నమ్మితే..."

మాట పూర్తికాలేదు. పరదేశి చొక్కా పట్టి లాగాడు. వెనకనుంచి ఎవరో వీపు మీద తన్నారు. సైకిల్ మీద బోర్లా పడ్డాడు ఎలియాజరు. హ్యాండిల్ పక్కటెముకల్లో దిగింది. లేవబోతే మొహం మీద చెప్పుకాళ్ళు పడ్డాయి. కన్ను మూసుకుపోయి నోట్లో ఉప్పగా రక్తం నిండింది. "సచ్చిపోతాడ్రా, సంపీకండ్రా!" అని ఎవరో అరిచారు. అప్పుడే గేటుకి అడ్డంగా వేసే ఇనప గెడ గాల్లోకి లేవడం మిగిలిన కంటితో చూశాడు. పట్టుకున్నవాడు పరదేశి. గెడ మోకాలి కింద పడింది. ఎండుకర్ర విరిగినట్టు చప్పుడైంది. రెండోసారి పడేసరికి అతనికి స్పృహ లేదు.

పెద్దాసుపత్రిలో పోలీసులు వచ్చి అడిగితే ఎలియాజరు దాచలేదు. "పరదేశి," అన్నాడు. ఆ సాయంత్రమే పరదేశిని పట్టుకెళ్ళారు. స్టేషన్లో నాలుగు తగిలేసరికి, మేనేజరు ఎగదోస్తేనే కొట్టామని కక్కేశాడు పరదేశి.

మూడోరోజుకి దేవీప్రసాద్ బత్తాయిపళ్ళు పట్టుకుని వచ్చాడు. తన పేరు కేసులోకి రాకుండా రాజీ పడమన్నాడు.

"పడతాను. నాను సెప్పిన కాయితం మీద మీ యజమాని సంతకం తెండి," అన్నాడు ఎలియాజరు. "నాలుగొందల మందీ ఉండాల. పరదేశితో సహా."

పక్కనే ఉన్న భార్య అప్పలనర్సమ్మ బత్తాయిపళ్ళు తీసి కిటికీలోంచి విసిరేసింది. "నీ కాలిరగ్గొట్టినోడికి ఉజ్జోగం అడుగుతన్నావా? నీకు బుర్రుందా?"

"ఆడొక్కుణ్ణి వదిలేత్తే, రేపు ఇంకొకుణ్ణి వదిలెయ్యమంటారే. నాలుగొందలంటే నాలుగొందలే."

ఆమె వారం రోజులు మొగుడితో మాట్లాడలేదు. అన్నం మాత్రం కలిపి పెట్టింది.

సంతకం వచ్చింది. ఆటోలో పడుకోబెట్టి తీసుకొస్తే, పంచాయతీ ఆఫీసు గుమ్మం ముందునుంచే చెయ్యెత్తి ఓటేశాడు ఎలియాజరు. ఆరు, ఐదు. లోక్ అదాలత్‌లో రాజీ అయి పరదేశి పనిలోకి వెళ్ళాడు. ఎలియాజరు కాలు మాత్రం రెండంగుళాలు పొట్టిదైంది. ఫిట్టరు పని పోయి, హాజరు రాసే టైం ఆఫీసులో కుర్చీ వచ్చింది.

పన్ను ఆగిపోవడంతో ఊళ్ళో కుళాయి మూడురోజులకోసారి వచ్చేది. బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు అతన్ని చూసి శాపనార్థాలు పెట్టేవారు. తప్పు వాళ్ళదనిపించేది కాదు అతనికి.

ఏడాదిన్నర గడిచింది. ఓ ఉదయం నోటీసు బోర్డు మీద నలభై పేర్లు వేలాడాయి, పని లేదని. ఎలియాజరు షరతు కాగితం చొక్కాలో పెట్టుకుని మేనేజరు గది వైపు నడిచాడు. సెక్యూరిటీవాడు గుండెల మీద తోశాడు. అతను వెల్లకిలా పడ్డాడు. వాడు లాఠీ ఎత్తేలోగా పరదేశి వచ్చి వాడి దవడ మీద గుద్దాడు. రెండు పళ్ళు సిమెంటు మీద రాలాయి. అంతే, మిల్లంతా ఆఫీసు మీద పడింది. అద్దాలు పగిలాయి, కుర్చీలు విరిగాయి. దేవీప్రసాద్ పారిపోతూ పక్కనుంచి పోతుంటే, ఎలియాజరు కింద పడున్నచోటినుంచే తన చేతికర్ర తిప్పి అతని మోచేతి మీద బలంగా కొట్టాడు. ఎముక విరిగింది. దేవీప్రసాద్ పెట్టిన కేక వింటుంటే ఒళ్ళంతా హాయిగా అనిపించింది. ఆ హాయి తల్చుకుని, ఆదివారం చర్చిలో అందరూ మోకరిల్లినప్పుడు బల్ల మీద ఒక్కడే కూర్చుని సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

గొడవ మీద విచారణకి వచ్చిన ఆర్డీవో షరతు కాగితం చూశాడు. పన్నూ భూమీ వెనక్కివ్వాల్సి వస్తుందని తెలిసి, కంపెనీ నలభైమందినీ తిరిగి తీసుకుంది. పద్దెనిమిది మంది మీద కేసులు మాత్రం మిగిలాయి. మొదటి ముద్దాయి ఎలియాజరు, రెండో ముద్దాయి పరదేశి.

అనకాపల్లి కోర్టు వరండాలో వాయిదాకి ఇద్దరికీ ఒకే బల్ల దొరికింది. గెడ దెబ్బ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు. పిలుపు వచ్చేసరికి మధ్యాహ్నం దాటేలా ఉంది. పరదేశి అతని కాలివైపు చూశాడు.

"కాలు నొప్పెడతందా, బావా?"



"వానొత్తే నొప్పెడతాది," అన్నాడు ఎలియాజరు. కర్ర పక్కకి తీసి, కాలు చాపుకున్నాడు.