వీలువెంబడి ప్రచురిస్తాము

పోయిన మంగళవారం కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పే ఒకావిడ ఫోన్ చేసింది. మన ప్రాంతపు రచయితల సంఘాల మీద ఓ ప్రత్యేక సంచిక తెస్తున్నారట. "మీ సభ్యులు సాధించిన విజయాలు ఒక్క పేజీకి కుదించి పంపండి మేడమ్. పాతవాళ్ళవి అచ్చుకాని కథలేమన్నా ఉంటే అవి కూడా పంపండి, హామీపత్రం మాత్రం మర్చిపోవద్దు" అంది. కుదించడమా! మా విజయాలను పేజీ దాకా సాగదీయడం ఎలాగో తెలియక నేను తల పట్టుకుంటుంటే ఈవిడ కుదించమంటోంది. సరేనని బీరువాలో అడుగు అర తీసి, మా సంఘం నడిపిన మాస్టారు పోయాక నా దగ్గరికి చేరిన పొడుగాటి నోటుబుక్కు బయటికి లాగాను. అట్ట మీద ఆయన గుండ్రటి అక్షరాలతో 'సభ్యుల విజయాలు' అని ఉంది. దాని కింద ఒక పసుపు కవరు. అది అక్కడ ఉందని నాకు తెలుసు. తెలిసే ఆ అర ఇన్నేళ్ళూ తెరవలేదు.

తొంభైల చివర్లో మేం గుంటూరు బ్రాడీపేటలో ఒక ట్యుటోరియల్ మేడ మీద, నెలకో ఆదివారం పొద్దున కూడేవాళ్ళం. మొత్తం ఎనిమిది మందిమి. అందులో ఆడదాన్ని నేనొక్కదాన్నే, ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టుని. ఆ ట్యుటోరియల్ నడిపే రిటైరైన తెలుగు పండితులు మాకు అధ్యక్షులు, ఆయన్నే మాస్టారు అనేవాళ్ళం. సమావేశం ప్రార్థనతో కాదు, ఈ నోటుబుక్కుతో మొదలయ్యేది. "ఈ నెల విజయాలు!" అని ఆయన కళ్ళజోడు సర్దుకోగానే అందరం బుద్ధిగా చేతులు కట్టుకునేవాళ్ళం. వారపత్రికలో పాఠకుల ఉత్తరాల శీర్షికలో నాలుగు వాక్యాలు పడితే విజయం. రేడియోలో పేరు చదివితే విజయం. బావమరిది శుభలేఖ మీద మన పద్యం అచ్చయితే అదీ విజయమే. పత్రికల వాళ్ళు కథ తిప్పి పంపేటప్పుడు అచ్చుచీటీ కాకుండా పెన్నుతో రెండు ముక్కలు రాస్తే, దాన్ని మాస్టారు ఎర్ర సిరాతో ఎక్కించేవారు. ఒకసారి నా కథ తిరిగొస్తే దాని మీద ఎవరో "దస్తూరీ బాగుంది" అని రాశారు. దానికి అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ చప్పట్ల కోసం నేను నెలంతా ఎదురుచూసేదాన్ని.

మాలో నిజంగా రాయగలిగిన మనిషి ఒక్కరే. ఆయన్ని నేను బాబాయి అని పిలిచేదాన్ని. చుట్టరికమేం లేదు, వాళ్ళు ముస్లింలు, నల్లపాడులో ఉండేవాళ్ళు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడే వాళ్ళావిడ నా కంచంలో రెండోసారి కూడా అడక్కుండా వడ్డించింది కాబట్టి ఆమె పిన్ని, ఆయన బాబాయి. పత్తి నుంచి గింజ విడదీసే జిన్నింగు మిల్లులో ఇరవై ఏళ్ళుగా పని. ఆదివారం తలంటుకుని వచ్చినా కనుబొమల్లో దూది నూగు కనిపించేది. చదివింది ఏడో తరగతి. కథ చదివేటప్పుడు మధ్యమధ్య ఆగి దగ్గేవారు, చాలాసేపు దగ్గేవారు. "ఎక్కడ ఆగాలో తెలిసిన రచయిత" అని మాస్టారు మెచ్చుకుంటే మేమంతా తలలూపాం. ఆ దగ్గు ఎందుకొస్తోందని మాలో ఒక్కరూ అడగలేదు. తలుచుకుంటే నాకు మా అందరి మీదా ఒళ్ళు మండుతుంది.

ఆయన రాసిన కథల్లో ఒకటి మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్ళే ఆడమనిషి గురించి. రోజంతా తొడిమలు తీసిన చేతులు ఎన్నిసార్లు కడిగినా మంట పోదు. ఇంటికొచ్చి ఏడుస్తున్న చంటివాణ్ణి ఆమె అరచేతులతో ముట్టుకోదు, రెండు మోచేతుల మధ్య ఇరికించి ఎత్తుకుంటుంది. కథలో అంతకంటే పెద్ద సంఘటన ఏదీ జరగదు. చదవడం అయ్యాక, "మా అమ్మండి" అన్నారు బాబాయి, తప్పు చేసినవాడిలా. దాన్ని పెద్ద వారపత్రికకు పంపమని మాస్టారు పట్టుబట్టారు. కాగితానికి ఒకవైపే రాసి, తిరుగు టపాకు స్టాంపులంటించిన కవరు పెట్టి, ఇది నా సొంత కథ, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు అని హామీపత్రం మీద సంతకం చేసి పంపారు. ఆయన ఉండే వరసలో ఉత్తరాలు సరిగా అందవని అడ్రసు ట్యుటోరియల్‌దే ఇచ్చారు. కథ ట్యుటోరియల్‌కి తిరిగొచ్చిన వారమే, ఆ సంగతి చెప్పకముందే, ఆయన రక్తం కక్కుకుని ఆసుపత్రిలో చేరారు.

ఊపిరితిత్తుల నిండా దూది ధూళేనని, ఇక మిల్లు మాట ఎత్తొద్దని డాక్టరు చెప్పారట. ఎన్నాళ్ళుంటారంటే మాత్రం సరిగా చెప్పలేదు. చూడటానికి వెళ్ళిన మాస్టారిని ఆయన అడిగిన మొదటి మాట "కథ సంగతేమన్నా తెలిసిందాండి?" అని. మాస్టారు అబద్ధం ఆడలేని మనిషి. ఆ రోజు మాత్రం "తీసుకున్నారయ్యా, ఉత్తరం వస్తుంది" అనేశారు. అనేశాక ఉత్తరం కావాలి కదా. తెల్లారి మా ఆఫీసుకొచ్చి, నా పక్కన నిలబడి, తిరిగొచ్చిన కథ ఉన్న పసుపు కవరు నా బల్ల మీద పెట్టారు. "నీకు పత్రికల భాష తెలుసుగా అమ్మాయ్" అన్నారు. తెలుసు మరి, అన్ని రకాల ఉత్తరాలూ చూసినదాన్ని. 'మీ కథ ఆమోదం పొందింది. వీలువెంబడి ప్రచురిస్తాము' అని ఆఫీసు తెలుగు మిషను మీదే కొట్టి, కింద ఒక గీత గీకి సంపాదకుడి సంతకం అనిపించాను. ఎప్పుడని అడిగితే తప్పించుకోవడానికి ఆ 'వీలువెంబడి' అన్న ముక్క నేనే పెట్టాను. తెలివైనదాన్ననుకున్నాను. మాస్టారు ఏదో పెళ్ళికి హైదరాబాదు వెళుతూ అక్కడి డబ్బాలో వేసి వచ్చారు.

బాబాయికి కాగితం పట్టుకునే ఓపిక లేదు, పిన్నికి చదవడం రాదు. అందుకని ఆ ఉత్తరాన్ని మంచం పక్కన కూర్చుని చదివి వినిపించింది కూడా నేనే. బాబాయి మూడుసార్లు చదివించుకున్నారు. వారం తిరక్కుండా లేచి కూర్చున్నారు, నెలకు ఇల్లు చేరారు. మందు పనిచేసిందో ఉత్తరం పనిచేసిందో గానీ మేం మాత్రం ఉత్తరమే అనుకుని మురిసిపోయాం. మాస్టారు నోటుబుక్కులో దాన్ని ఎక్కించక తప్పలేదు, ఎర్ర సిరాతో. బాబాయి ఆ కాగితానికి లామినేషన్ చేయించి గోడకు తగిలించారు. ప్రతి వారం నడవగలిగిన రోజున నడిచి, లేనిరోజున ఆటోలో వచ్చి, బస్టాండులో పుస్తకాల షాపు దగ్గర ఆ పత్రిక విషయసూచిక చూసుకుని వెళ్ళేవారు. "వీలువెంబడి అంటే ఎన్నాళ్ళమ్మా, నీకు తెలుస్తుందిగా?" అని నన్నడిగేవారు. సంపాదకుల్ని తొందరపెట్టకూడదండి అనేదాన్ని.

ఏడాది దాటాక వినుకొండలో ఒక సభలో ఆయన చేత ఆ కథ చదివించారు. తిరిగొచ్చిన అసలు ప్రతిని మాస్టారు దాచేసిన సంగతి ఆయనకు తెలియదు కదా, తన దగ్గరున్న చిత్తుప్రతి చూసి చదివారు. ఆ సభకు వచ్చిన ఒక నెలపత్రిక సంపాదకుడు పదిరోజుల్లో నేరుగా ఆయన ఇంటికే కార్డు రాశాడు. కథ వెంటనే పంపమని, వచ్చే సంచికలోనే వేస్తామని. ఆ కార్డు నిజమైనది, ఎలాగో అందింది కూడా. మాకు తెలిసింది మాత్రం నెల తర్వాత, ఆదివారం విజయాలు చదివేటప్పుడు. బాబాయి లేచి నిలబడి, ఊపిరి కూడదీసుకుని, అలా ఒక కార్డు వచ్చిందనీ, తాను మర్యాదగా వద్దని జవాబు రాశాననీ చెప్పారు. ఆమోదించిన కథను రెండో పత్రికకు ఇస్తే హామీ తప్పినట్టు కదండీ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారి చేతిలో పెన్ను కదల్లేదు. ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు ఎదురుగానే ఉంది.

"నేను మొహం చెల్లక చెప్పలేనమ్మాయ్, నువ్వు చెప్పు" అన్నారు మాస్టారు మెట్లు దిగుతూ. మర్నాడు మధ్యాహ్నం సెలవు పెట్టి నల్లపాడు వెళ్ళాను. మిరపకాయల రోజులు, ఆటోలో అందరం తుమ్ముతూనే ఉన్నాం. బాబాయి గోడకానుకుని కూర్చుని ఉన్నారు, నెత్తి మీద ఆ లామినేషన్ కాగితం. "బాబాయ్, ఆ నెలపత్రిక వాళ్ళకి ఇచ్చేసుంటే బాగుండేదేమో" అని మొదలుపెట్టాను. ఆయన నొచ్చుకున్నారు. "అదేంటమ్మా అట్టా అంటావు! అంత పెద్ద పత్రికోళ్ళు నన్ను నమ్మి రాశారు. నేను మాట తప్పితే, గుంటూరోళ్ళంటే ఇంతేననుకోరూ? రేపు నీ కథ వాళ్ళ దగ్గరికెళ్ళిందనుకో, ఎవరు చూస్తారు?" అన్నారు. ఆ ఆయాసంలో కూడా నా కథ గురించే. పిన్ని టీ తెచ్చింది. తాగి వచ్చేశాను. ఆయన మనసు విరిగిపోతుందని ఆగానని మాస్టారితో చెప్పాను. అది సగమే నిజం. దొంగ సంతకం పెట్టానని బయటపడితే నా ఉద్యోగం పోతుందని కూడా భయపడ్డాను.

మనమే ఆ నెలపత్రికకు పంపేద్దామా అని మాస్టారు ఒకసారి అన్నారు. అది అచ్చయితే బాబాయి తన దృష్టిలో తానే మాట తప్పినవారవుతారని మళ్ళీ మానుకున్నాం. చివరి నెలల్లో ఆయన బస్టాండు దాకా రాలేకపోయారు. నేనే షాపులో చూసి వెళ్ళేదాన్ని, చూడటానికేమీ లేదని తెలిసి కూడా చూసేదాన్ని. గుమ్మంలోకి రాగానే "వచ్చిందా?" అనేవారు. ఇంకా లేదు బాబాయ్ అనేదాన్ని. అదొక్కటే నేను ఆయనకు చెప్పిన నిజం. మరుసటి వేసవి రాకుండానే ఆయన పోయారు. మట్టి ఇచ్చి వచ్చినవాళ్ళకు నీళ్ళు అందిస్తూ పిన్ని నన్ను పక్కకు పిలిచి, "అది వచ్చిన రోజు ఒక పుస్తకం నాకు తెచ్చివ్వమ్మా, పిల్లలకు చూపిస్తా" అంది. తెస్తానన్నాను.

ఆ వారపత్రిక మూతపడి చాలా ఏళ్ళయింది. మాస్టారు పోయారు, మేడ మీద ఇప్పుడు ఇంకెవరిదో కోచింగ్ సెంటర్. పిన్ని ఉంది. అదే నల్లపాడులో, అదే ఇంట్లో, కూతురితో. చూపు బాగా తగ్గింది. రెండేళ్ళ కింద ఒక పెళ్ళిలో నా గొంతు గుర్తుపట్టి చేయి పట్టుకుంది. ఆ పుస్తకం సంగతి అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు. నా మోకాళ్ళ నొప్పుల గురించి అడిగింది.

నిన్న కూర్చుని మిగిలిన ఏడుగురి విజయాలూ రాసేశాను, అరపేజీ కూడా రాలేదు. పసుపు కవరు విప్పితే పదకొండు కాగితాలు, గుండుసూది తుప్పు మరకతో సహా. ఆవిడ పంపమన్న అచ్చుకాని కథ ఇదే, ఇంతకంటే మంచిది మా సంఘంలో పుట్టలేదు. హామీపత్రం మీద ఆయన బదులు వేలిముద్ర వేయాల్సింది మాత్రం పిన్ని. 'ఈ కథను ఇంతవరకు ఏ పత్రికా ఆమోదించలేదు' అని అందులో మొదటి వాక్యం. దాన్ని ఆమెకు చదివి వినిపించాల్సింది మళ్ళీ నేనే, ఆ ఉత్తరం తగిలించిన ఇంట్లో, బహుశా అదే గోడ పక్కన. అబద్ధం టైపు చేయడానికి నాకు పది నిమిషాలు పట్టింది. నిజం చెప్పడానికి ఇన్నేళ్ళుగా వీలు చూసుకుంటూనే ఉన్నాను.