కొండమేక పిలుపు

సింగపూర్‌లో మా పాసిర్ రిస్ మార్కెట్లో, వంటల్లో వేసే పొడవాటి పాండన్ ఆకుల వాసన తగిలితే చాలు, మా తాతగారు గుర్తొస్తారు.

ఊళ్లో తాతగారి జమీందారీ ఎస్టేటు పోయింది. నాన్నగారి కంప్యూటర్ ఉద్యోగం మమ్మల్ని సింగపూర్ తెచ్చిన కొత్తలో తాతగారు మా ఫ్లాట్‌కు వచ్చారు. వేటలో ఆయన పిలిస్తే కొండమేకలు దిగివచ్చేవట. ఊరంతా దొరగారని పిలిచే ఆయన మాటను అవి కూడా జవదాటవని నేను నమ్మాను. పక్క ఫ్లాట్ కిరణ్ నమ్మలేదు.

"బ్లఫ్ చెయ్యకు లా! మీ తాత ఏమన్నా కింగా?" అన్నాడు సింగపూర్ యాసలో.

ఆ ఆదివారం ముగ్గురం జూకి వెళ్లాం. వాన వెలిసి కొండమేకల రాళ్లగుట్ట మీద ఆవిరి కలలా తేలుతోంది. తాతగారు ఇంటి నుంచి తెచ్చిన పాండన్ ఆకును చీల్చి, పెదవుల మధ్య పెట్టి ఊదారు. సన్నగా, వణుకుతూ ఒక అరుపు. పైన పడుకున్న మేక దిగ్గున లేచింది. రాళ్ల మీదుగా దూకుతూ కంచె దాకా వచ్చి, అటూ ఇటూ వెతికింది.

"వావ్ తాతా! మళ్లీ, మళ్లీ!" అన్నాడు కిరణ్.

మేక పొదుగు నిండుగా ఉంది. తాతగారు ఆకు నలిపేశారు.

"చాలు బాబూ. అది పిల్ల ఏడుపు. తల్లి కదా, వచ్చేసింది."

"మీ మాట విని రాలేదా తాతగారూ?"

"నా మాట ఎవరు వింటారురా! మోసపోయి వచ్చింది. వేటలో అలా రప్పించే కొట్టేవాళ్లం."

కిరణ్ ముందు నా తల వంగిపోయింది. మేక తిరిగి గుట్ట ఎక్కేదాకా ఆయన నిటారుగా నిలబడే ఉన్నారు.

మా వంశం గురించి గర్వంగా చెప్పుకునేవి నాకు చాలానే ఉన్నాయి. మనవడి కళ్లలో మిగిలిన ఆ చివరి దొరతనాన్ని ఆయన తానే వదులుకోవడం వాటన్నిటికంటే పెద్దదని తెలియడానికి మాత్రం ఏళ్లు పట్టింది.