ఎవరిదీ కాని లారీ

ఆ రోజుల్లో మా వైపు దారిలో ఏదైనా దొరికితే ఎవరూ సంతోషించేవాళ్ళు కాదు. చూడనట్టే పక్కకు తప్పుకుని పోయేవాళ్ళు. సంచి అయినా అంతే, సైకిలైనా అంతే. ఎవరిదో తెలియని వస్తువును ముట్టుకుంటే రేపు అటు అడవిలోని అన్నలూ అడుగుతారు, ఇటు పోలీసులూ అడుగుతారు. అలాంటి రోజుల్లో నేను ఏకంగా ఒక లారీని తెచ్చి షెడ్లో పెట్టుకున్నాను. నాకు ధైర్యం ఎక్కువై కాదు, బుద్ధి తక్కువై తెచ్చానని నా భార్య ఇప్పటికీ అంటుంది. ఆమెతో వాదించను.

కోరుట్లలో నాకు లారీలు బాగుచేసే షెడ్డు ఉండేది. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలే బండ్లే మా బతుకు. నాతోపాటు ఒక ముసలి మేస్త్రి ఉండేవాడు. పని ఆయనది, తిట్లు నావి. ఒక ఎండాకాలం మేడిపల్లి వైపు ఊరి దొర ఒకాయన వచ్చాడు. భయానికి ఊరు విడిచి అప్పటికే జగిత్యాలలో కాపురం పెట్టాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"నా చెల్కల ఒక లారీ ఉన్నది. ఏండ్ల సంది పడున్నది. ఊకెనే తీస్కపో," అన్నాడు.

"ఎవలిది దొరా?"

"అన్నలను అడిగిపిచ్చిన. మాది గాదన్నరు. ఠాణల అడిగిన. మాకు తెల్వదన్నరు. నాదైతె గాదు. ఇగ ఎవలిదని జెప్పాలె నీకు?"

ఊరికే అనే మాట చెవిన పడ్డాక నాకు ఇంకేమీ వినబడదు. అది నా పుట్టుగుణం.

బండి ఆయన మెట్టచేను అంచున, వాగు పక్కన పొదల్లో ఉంది. మరీ పెద్దది కాదు, ఆరు టైర్ల మధ్యరకం లారీ. ఇంజను ముందుకు పొడుచుకుని వచ్చే పాతకాలపు మూతి. టైర్లు నేలలోకి దిగిపోయాయి. రంగేమిటో చెప్పలేనంతగా ఎండకు వెలిసిపోయింది. కొంచెం దూరంలో మేకలు కాసుకుంటున్న ముసలమ్మ మమ్మల్ని చాలాసేపు చూసి, దగ్గరికి రాకుండానే మాట్లాడింది.

"గా బండి నీడకు మేకలు పండయి నాయినా. మిట్ట మధ్యాన్నం ఎండల నిలవడ్తయి గని, నీడకు పోవు."

"మేకలకేం తెలుసమ్మా," అన్నాను నేను. కానీ చూశాను. అంత ఎండలోనూ దాని నీడలో ఒక్క మేక లేదు.

తలుపు లాగితే రాలేదు. తుప్పు పట్టిందనుకుని గడ్డపార తెమ్మన్నాను. మేస్త్రి అరచేత్తో అద్దం మీది దుమ్ము తుడిచి లోపలికి చూశాడు. చూసి గడ్డపార నేలమీద పెట్టేశాడు.

"లోపట్నించి కట్టిండ్రు," అన్నాడు.

నేనూ చూశాను. క్యాబిన్ నేలపలక చీల్చుకుని లోపల ఒక సీతాఫలం చెట్టు పెరిగింది. పైకప్పు తగిలి వంగిపోయింది. దాని కాయలు లోపలే కాసి, లోపలే నల్లగా ఎండి, అద్దానికి ఆనుకుని వేలాడుతున్నాయి. ఆ కొమ్మల వెనక రెండు తలుపుల పిడులూ నీలం రంగు కరెంటు వైరుతో లోపలివైపు నుంచి కట్టేసి ఉన్నాయి. ముందు అద్దం, పక్క అద్దాలు అన్నీ బాగానే ఉన్నాయి. వెనక కిటికీకి ఇనుప చువ్వలు. మరి కట్టినవాడు ఎటు పోయాడు?

"నేల పలకల సందు ఉన్నది గద. అందుల నుంచి దిగిండేమో," అన్నాను.

మేస్త్రి వంగి ఆ సందు చూశాడు. "పిల్లి అయితె దిగుతది," అన్నాడు.

భయం కనబడకుండా మేస్త్రి మీద అరిచాను. ఎడమవైపు అద్దం పగలగొట్టి, చెయ్యి లోపలికి పెట్టి వైరు కోశాం. తలుపు తెరుచుకోగానే మాగిన సీతాఫలం వాసన గుప్పున కొట్టింది. ఎండాకాలంలో ఆ వాసన ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు. చెట్టును మొదలు దగ్గర నరికాం. కొమ్మలు బయటికి లాగడానికి రాక లోపలే వదిలేశాం. హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి ఉంది. మళ్ళీ వచ్చి తీసుకుపోదామనుకున్నవాడు ఆపినట్టుగా ఉంది.

ట్రాక్టరుకు తాడు కట్టి లాగించాం. లాగేటప్పుడు స్టీరింగు దగ్గర ఒక మనిషి కూర్చోవాలి. మేస్త్రికి సరిగ్గా అప్పుడే మోకాళ్ళ నొప్పులు గుర్తొచ్చాయి. ట్రాక్టరువాడు నా మొహం కూడా చూడలేదు. సరే, నేనే ఎక్కాను. నిజం చెబుతున్నాను, మట్టిబాటలో ప్రతి మలుపు దగ్గరా స్టీరింగు నా చేతులకంటే కొంచెం ముందే తిరిగింది. చక్రాలు పాత జాడల్లో పడితే అలాగే తిరుగుతుంది, నాకు తెలుసు. లారీల మధ్య బతికినవాణ్ణి. అయినా సగం దూరం పోయాక చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. బండి దాని దారిన అది వచ్చింది.

రోడ్డెక్కగానే పోలీసులు ఆపారు. ఒక కుర్ర జవాను తుపాకీ భుజాన ఉంచుకునే తొంగిచూసి, "నీ పక్కకున్నోడు ఎవడు? దిగమను," అన్నాడు.

పక్కన చెట్టు కొమ్మలు తప్ప ఏమీ లేవు. "చెట్టు సార్," అన్నాను.

అతను ఇంకోసారి చూశాడు. పొమ్మన్నట్టు చెయ్యి ఊపి రెండడుగులు వెనక్కి వేశాడు.

బండి చేతికొచ్చింది కానీ, ఎవరిదో తేలకుండా దాన్ని బాగుచేసి ఏం లాభం? రేపు ఎవడైనా నాదంటే ఇచ్చేయాలి, ఏం చేశావని అడిగితే చెప్పాలి. నంబరు పలకలు లేవు. చాసీస్ మీద నంబరు ఉండాల్సిన చోట ఎవరో ఆకురాయితో శుభ్రంగా అరగదీశారు. ఇంజను మీది రేకు పీకేశారు. వెనక చెక్కల మీద పేరేదైనా రాసి ఉంటే దాన్ని చెదలు తినేశాయి. జగిత్యాలలో బండి కాగితాల పని చూసే ఒకాయనను కలిస్తే, "నంబరు లేని బండి పుట్టని బండే. నా దగ్గరికి తేకు," అని నమస్కారం పెట్టాడు.

అప్పుడు మేస్త్రి వైర్లు చూపించాడు. మా పనిలో తెగిన వైరును మెలేసి టేపు చుడతాం. ఎవరైనా అంతే చేస్తారు. ఈ బండిలో మీటరు పలక కింద తెగిన ప్రతి వైరునూ ముడి వేసి కలిపారు. చిన్న ముడి, అణగి ఉంది, లాగితే ఇంకా బిగుస్తోంది. కుడివైపు తలుపు వైరుకూ అదే ముడి.

"ఇది మనోళ్ళ పని గాదు," అన్నాడు మేస్త్రి.

చేతుల గ్రీజు తుడుచుకోవడానికి మేము సిరిసిల్ల నుంచి మగ్గాల వేస్టు నూలు తెచ్చుకునేవాళ్ళం. ఆ నెల నూలుకోసం పోయి ఒక సాంచాల షెడ్డులో నిలబడ్డాను. సాంచె అంటే మా దగ్గర కరెంటు మగ్గం. నడుస్తున్న మగ్గం మీద పోగు తెగింది. అక్కడి మనిషి మాట్లాడుతూనే రెండు కొసలు పట్టుకుని, వేళ్ళు కదిలాయో లేదో తెలియకుండా కలిపేశాడు. ఆ ముడే.

బట్ట నేసే ఇంట్లో పుట్టి లారీ నడిపినవాడు, కనబడకుండా పోయినవాడు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. అందరూ సాంచాల చప్పుడులో వినబడనట్టు తల తిప్పుకున్నారు. ఆ చప్పుడు అప్పటిదాకా ఎవరి మాటకూ అడ్డం రాలేదు. నాకు కోపమొచ్చింది. నూలు మూట నెత్తిన పెట్టుకుని బస్సెక్కాను.

మాట మాత్రం చేరాల్సిన చోటికి చేరింది. వానలు పడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఒకామె తన మరిదిని వెంటబెట్టుకుని షెడ్డుకు వచ్చింది. నుదుట బొట్టు, మెడలో పుస్తెలు. మనిషి ఎండిపోయింది. ముందు మరిదే మాట్లాడాడు.

"మా అన్న బండి తీస్కొని పోయిండు, మల్ల రాలె. అడివిల అన్నలు తీస్కపోయిండ్రని కొందరు, పోలీసోళ్ళని కొందరు. పెత్రమాస నెల దినాలల్ల ఉన్నది. చచ్చిండని తేలితె ఆయిన పేర్న బియ్యమిస్తం. తేలకపోతె ఎట్లియ్యాలె అన్నా? చచ్చినోడైతె ఇన్నేండ్ల సంది ఆకలితోని తిరుగుతున్నట్టే గద."

పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య నాడు పోయినవాళ్ళ పేరుమీద బియ్యం ఇస్తాం. ఇవ్వకపోతే వాళ్ళు వాకిట్లోకి వచ్చి నిలబడి ఉత్త చేతులతో వెళ్ళిపోతారని మా వాళ్ళ నమ్మకం. బతికున్నవాడి పేరున ఇస్తే మాత్రం మన చేత్తో మనం చంపినట్టే. ఆ ఇంట్లో ఇన్నేళ్ళుగా ఇవ్వనూ లేరు, ఇవ్వకుండా ఉండనూ లేరు.

ఆమె క్యాబిన్ ఎక్కింది. మీటరు పలక కిందికి చెయ్యి పోనిచ్చి కళ్ళు మూసుకుంది. ఒక్కో ముడినీ బొటనవేలితో తడుముతూ పోయింది. తర్వాత కుడివైపు తలుపు ముడి మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది. షెడ్డు రేకుల మీద వాన పడుతోంది. నా చేతిలో పానా ఉంది. దాన్ని కింద పెట్టడానికి కూడా భయమేసింది.

దిగి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "కాదు. ఇది మనది గాదు," అంది.

మరిది అక్కడే కూలబడ్డాడు. కాసేపటికి లేచి టీ తాగొస్తానని బయటికి పోయాడు. అతను రోడ్డు దాటాక ఆమె నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, గా తలుపు ముడి కొయ్యకు. ఎవలకు సూపియ్యకు."

బండి ఆమె మగనిదేనని అర్థమై కూడా నాకు మండింది. "మరి కాదని ఎందుకన్నవమ్మా? ఇగ నేనేం జెయ్యాలె దీన్ని?"

"నడుపుకో. ఆగి ఉంటెనే గద అందరు అడిగేది."

"మీ మరిది గట్ల కూలవడ్డడు గద..."

"అవునంటె ఈ పెత్రమాసకు బియ్యమిస్తరు. నా బొట్టు తీస్తరు. పోనీ తియ్యని. ఇచ్చినంక ఆయిన వాకిట్లకస్తే? ఎవలని పిలువాలె నేను?"

చేతిలోని పానా తెచ్చి పెట్టెలో వేశాను.

బండి బాగుచేశాం. ఆకుపచ్చ రంగు వేయించాను. కుడివైపు తలుపు తెరవకుండా ఎడమవైపు నుంచే ఎక్కి దిగేవాణ్ణి. కాగితాలు లేకపోయినా లోపలి రోడ్ల మీద ఇబ్రహీంపట్నం వైపు పసుపు బస్తాలు వేసుకుని తిరిగాను. సిరిసిల్ల వైపు పోకూడదనే అనుకున్నాను. కానీ పండుగ లోపల బట్ట బేళ్ళు కావాలని ఒక షావుకారు నా ప్రాణం తోడేశాడు. వేరే బండి దొరకలేదు. ఆ రోజు పెత్రమాస.

సాంచాల వీధి ఇరుకు. బండి తిప్పుకోవడానికి వీలుకాక ఒక ఇంటి ముందు ఆపాల్సి వచ్చింది. ఎవరి ఇల్లో నాకు తెలియదు, ఒట్టు. ఇంజను ఆపకముందే లోపలి నుంచి ఒక ముసలామె గోడ పట్టుకుని వచ్చింది. రెండు కళ్ళలోనూ తెల్లటి పొర.

"పిల్లా, అచ్చిండు. అన్నం పెట్టు," అని కేక వేసింది.

లోపలి నుంచి ఆమె వచ్చింది. షెడ్డుకు వచ్చిన ఆమె. ఆమె వెనక మరిది. పోయినవాళ్ళ పేర్లు చెప్పి ఇస్తున్న బియ్యం తట్ట అతని చేతుల్లో ఉంది. అతను బండిని చూశాడు, తల్లిని చూశాడు, వదినను చూశాడు. బండి అన్నదేనని, వదిన అబద్ధమాడిందని అప్పుడు అతనికి తెలిసింది.

"వాని బండి సప్పుడు నాకెర్క లేదా," అంటోంది ముసలామె. "మూలుగుతది, ఆగేటప్పుడు. కొడుకా, దిగు."

దిగి వెనక్కి తిరిగి పరుగెత్తిపోవాలనిపించింది. కోడలు నా వైపు చూసింది. ఆ చూపు బతిమాలినట్టు లేదు, ఆజ్ఞలాగే ఉంది. ఇంట్లోకి పోయి పళ్ళెంలో అన్నం, పప్పు, చిక్కుడుకాయ కూర తెచ్చి అరుగు మీద పెట్టింది. నేను నోరు తెరవలేదు. తెరిస్తే గొంతు పట్టిస్తుంది. బండి దిగి, చేతులు కడుక్కుని కూర్చున్నాను.

ముసలామె నా పక్కన కూర్చుని వీపు నిమిరింది. "సన్నగైనవు కొడుకా," అంది. ఆమె వేళ్ళు నా వెన్నుపూసలు ఒక్కొక్కటే తడుముతూ కిందికి దిగుతున్నాయి. మరిది తట్టలోని బియ్యం కొంచెం చేతిలోకి తీసుకుని వాకిట్లో అలాగే నిలబడ్డాడు. ఏ పేరూ చెప్పలేదు. బియ్యం మళ్ళీ తట్టలో పోసేశాడు.

వాళ్ళ ఇంట్లో ఆ రోజు నేను తిన్నది బతికున్నవాడి అన్నమో, పోయినవాడి అన్నమో నాకు తెలియదు. కోడలు ఇంకొంచెం వడ్డించింది. నేను పళ్ళెం ఖాళీ చేశాను.